మొదటి గుక్క

కోర్టులో సైలస్ మబోజా పని ఇంకొకరికి నోరు కావడం. బోనులో నిలబడ్డ నల్లవాళ్లు తమ ఖోసా భాషలో చెప్పింది అతను ఇంగ్లీషులో చెప్పాలి, మేజిస్ట్రేటు ఇంగ్లీషులో అడిగింది ఖోసాలో అడగాలి. ముద్దాయి 'నేను' అంటే అతనూ 'నేను' అనాలి. 'ఆమె అంటోంది', 'ఆయన చెబుతున్నాడు' అని ఎన్నడూ అనకూడదు. దుబాసీ పనిలో అది మొదటి పాఠం. పంతొమ్మిదేళ్లలో సైలస్ ఆ హాల్లో గొర్రెలు దొంగిలించాడు, పెళ్లాన్ని కొట్టాడు, నల్లవాళ్లు ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకోవాల్సిన పాస్‌బుక్కు ఇంట్లో మరిచిపోయాడు, రెండుసార్లు హత్య కూడా చేశాడు. ఒక్కసారైనా సైలస్ మబోజాగా మాత్రం నోరు తెరవలేదు.

ఆ శనివారం అతనికి సొంత నోరు దొరికే రోజు. వకీలు గిల్బర్ట్ డ్లోవా తల్లి పోయి ఏడాది తిరిగింది. ఎద్దును కోసి, జొన్నబీరు కాచి, ఆమెను పెద్దల్లో కలుపుకునే కార్యం. సైలస్ పెళ్లినాటి నల్లకోటు తొడుక్కుని, జూన్ చలిలో రెండు మైళ్లు నడిచి డ్లోవా వాళ్ల ఇంటికి వెళ్లాడు. పిలుపు అందరికంటే ముందు అతనికే వచ్చింది. రావలసిందే కూడా. ఇరవై ఏడేళ్ల కిందట కొండమీది గుడిసెలో సున్తీ చేయించుకుని మగవాళ్లైన పదకొండు మందిలో కత్తి కింద మొదట కూర్చున్నది సైలస్. రెండోవాడు గిల్బర్ట్ డ్లోవా. ఇద్దరికీ తేడా ఒక్క నిమిషం. ఆ నిమిషం చచ్చేదాకా చెరగదు. ఎక్కడ బీరు కాచినా చెంబు మొదట సైలస్ చేతికి రావాలి, అతను తాగి, తన చేత్తో గిల్బర్ట్‌కి అందించాలి. గిల్బర్ట్ వకీలైనా సరే, కమ్యూనిస్టు నాయకుడై ఊళ్లకు ఊళ్లనే కదిలించినా సరే.

మగవాళ్లంతా పశువుల దొడ్డిలో వరసగా నేలమీద కూర్చున్నారు. ముప్ఫైమందికి తక్కువ లేరు. నురుగు పొంగుతున్న రేకు చెంబు సైలస్ చేతికి వచ్చింది. అతను నురుగు ఊది, తొందరపడకుండా మొదటి గుక్క తాగాడు. అందరూ తనవైపే చూస్తుంటే ఆ పుల్లటి బీరు తియ్యగా దిగింది. చెంబు పట్టుకుని కుడివైపు తిరిగాడు. రెండోవాడి చోటు ఖాళీగా ఉంది.

"గిల్బర్ట్ ఏడి?"

"నీకు తెలీనిదేముంది దుంజానే," అన్నాడు ఆ ఖాళీకి అవతల కూర్చున్న మూడోవాడు. "సర్కారు ఉత్తర్వు ఉందిగా. ఆయన పక్కన ఇద్దరుంటే గుంపట. వెనక గుడిసెలో తలుపేసుకుని కూర్చున్నాడు. చూడాలనుకున్నవాళ్లు ఒక్కొక్కరే పోవాలి."

"సొంత తల్లి కార్యానికి దొడ్డిలోకి రాడా?"

"వస్తే జైలు. పైగా వకీలు పట్టా పీకేస్తారు. ఆ తర్వాత మన పాస్‌కేసులు ఎవరు చూస్తారు, నువ్వు చూస్తావా?"

నలుగురు నవ్వారు. దుంజానే అన్నది సైలస్ వంశం పేరు. వంశం పేరుతో పిలవడమంటే దండం పెట్టినంత మర్యాద. కానీ ఆ దండం దొడ్డిలోనే, చెంబు చేతిలో ఉన్నంతసేపే. కోర్టు వరండాలో వీళ్లే తనను 'కోర్టునోరు' అంటారని అతనికి తెలుసు. చెంబు మూడోవాడికి ఇచ్చేశాడు. అదే సమయానికి తన భార్య నోఖ్వేజీ, వంటల దగ్గరి నుంచి వేరే చెంబుతో రెండోవాడి వంతు పట్టుకుని వెనక గుడిసె వైపు నడవడం దొడ్డి కంచె సందుల్లోంచి కనిపించింది. చెంబు తొణక్కుండా రెండు చేతులా పట్టుకుంది. ఇంట్లో తనకు టీ ఇచ్చేటప్పుడు ఒంటిచేత్తోనే ఇస్తుంది.

కాసేపటికి దొడ్డిలోంచి ఒకడు లేచాడు. తర్వాత ఇంకొకడు. ఏదో పని ఉన్నట్టు లేచి, గుడిసె ముందు వరసలో నిలబడేవారు. లోపలికి ఒక్కడే పోవాలి, అతను బయటికి వచ్చాక ఇంకొకడు. మధ్యాహ్నానికి గుడిసె ముందు వరస దొడ్డిలో వరసకంటే పొడుగైంది. కనిపించనివాడి కోసం అంతమంది ఎండలో నిలబడ్డారు. కనిపిస్తున్న సైలస్ చుట్టూ ఇద్దరు ముసలివాళ్లు, ఒక కుక్క మిగిలారు. సైలస్ ఆ వరసలో నిలబడలేదు. ముందున్నవాడు వెనకున్నవాడి గుమ్మంలో కాచుకునే పద్ధతి ఎక్కడుంది? మాంసం వడ్డించకముందే లేచి ఇంటికి వచ్చేశాడు. దారి పొడుగునా కడుపు మండుతూనే ఉంది, ఆకలితో మాత్రం కాదు.

*

సోమవారం ఉదయం కోర్టులో సైలస్ డెబ్బై ఏళ్ల విధవరాలు.

"నా పేరు నోలిటా. మొగుడు పోయి నాలుగు నెలలైంది. ఇల్లు మొగుడి పేరున ఉంది కాబట్టి ఖాళీ చెయ్యమని తలుపుకి కాగితం అంటించి పోయారు. ముప్ఫై ఏళ్లు ఆ ఇంటి నేల నేనే అలికాను. ఈ చలిలో ఎక్కడికి పోను?" అన్నాడు సైలస్, చేతులు వెనక్కి కట్టుకుని, చక్కటి ఇంగ్లీషులో.

మేజిస్ట్రేటు తల ఎత్తలేదు. విధవకి ఇంటి మీద హక్కు లేదు, అదే రూలు. అప్పుడు డ్లోవా లేచాడు. మోచేతుల దగ్గర నిగనిగలాడేంత అరిగిపోయిన కోటు. ఒకప్పుడు అతనికి కారు ఉండేది. అది అమ్మి పార్టీ కరపత్రాలు వేశాడంటారు. నోటీసు మీద సంతకం కాలనీ సూపరింటెండెంటుది కాదనీ, గుమాస్తాదనీ, కాబట్టి అది చిత్తుకాగితంతో సమానమనీ మూడు వాక్యాల్లో చెప్పి కూర్చున్నాడు. కేసు వచ్చే సోమవారానికి వాయిదా పడింది.

బయట వరండాలో నోలిటా అవ్వ డ్లోవా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని తన చెంపకు ఆనించుకుంది. "రాదెబే, రాదెబే," అంటూ అతని వంశం పేరు జపంలా పలికింది. ఆ తర్వాత పక్కకు తిరిగింది. "బాబూ కోర్టునోరూ, కాస్త తప్పుకో నాయనా, మెట్లు కనపడ్డం లేదు."

సైలస్ తప్పుకున్నాడు. మూడు వాక్యాలు. అవ్వ గోడు మొత్తం పావుగంటసేపు పొల్లుపోకుండా చెప్పినవాడు తను. నేల అలికిన సంగతి చెప్పేటప్పుడు గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించినవాడు తను. దండం మాత్రం వాడికి.

"ఏం సైలస్, మీ దేవుడు ఇవాళ కూడా గెలిచాడే." గోడకు ఆనుకుని సార్జెంటు ఫూరీ నిలబడి ఉన్నాడు. కమ్యూనిస్టుల మీద నిఘా వెయ్యడమే అతని ఉద్యోగం, యూనిఫారం ఉండదు.

"ఎవరి దేవుడు సార్?"

"మీ అందరి దేవుడు, డ్లోవా. నువ్వూ ఆయన సంచి మోసే రోజు ఎంతో దూరంలో లేదులే."

సైలస్ మొహం వేడెక్కింది. "నేనా? మా లెక్కలో ఆయన నా వెనకవాడు సార్. మొన్న శనివారం వాళ్ల దొడ్డిలో మొదటి గుక్క నాది. అందరూ చూస్తుండగా నేను నా చేత్తో చెంబు అందిస్తేనే ఆయన తాగాడు."

అలా జరగాల్సింది. జరగాల్సినదాన్నే జరిగిందన్నాడు. ఆ క్షణానికి తనే నమ్మాడు.

ఫూరీ సిగరెట్ వెలిగించుకుని తీరిగ్గా పొగ వదిలాడు. "అలాగా. చాలామందే వచ్చి ఉంటారు."

"ముప్ఫైమందికి తక్కువ లేరు," అన్నాడు సైలస్. గుంపు ఎంత పెద్దదైతే తన గుక్క అంత గొప్పదనిపించింది.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేమంటారు. నోటితోనే బతికేవాడికి ఆ సంగతి ఆ రాత్రంతా గుర్తు రాలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం ఫూరీ గదిలో టైపు చేసిన కాగితం ఒకటి బల్లమీద ఉంది. సైలస్ నిలబడే చదివాడు. 'నేను, సైలస్ మబోజా, ప్రమాణపూర్వకంగా చెప్పేదేమనగా' అని మొదలైంది. దొడ్డి, ముప్ఫైమంది, చెంబు, చెయ్యి అన్నీ ఉన్నాయి. ఉత్తర్వు ధిక్కరించి గిల్బర్ట్ డ్లోవా గుంపులో కూర్చున్నాడు అన్న మాట ఆఖర్న ఉంది. అది సైలస్ అన్న మాట కాదు. కానీ అన్న మాటల్లోంచి నేరుగా అక్కడికే దారి ఉంది.

"సార్, ఇది నేను ఊరికే మాటల్లో..."

"ఊరికే అన్నావా, అబద్ధం అన్నావా?" ఫూరీ పెన్ను మూత తీసి ముందు పెట్టాడు. "ఆయన నీ చేతిలోంచి తాగలేదా? నీ చెంబు తీసుకోవడానికి రాలేదా? అయితే చెప్పు, కొట్టేద్దాం."

తప్పించుకునే తలుపు తెరిచే ఉంది. 'రాలేదు సార్, నేను గొప్పకు అన్నాను' అంటే చాలు. ఫూరీ నవ్వుతాడు. రేపు ప్రాసిక్యూటరుకి చెప్పి నవ్వుతాడు. ఎల్లుండి టీ దగ్గర మేజిస్ట్రేటూ నవ్వుతాడు. పాపం మన దుబాసీ చెంబు పట్టుకుని కూర్చున్నాడట, డ్లోవా గారు రాలేదట. సైలస్ ఇంకోసారి మొదటి వాక్యం చదివాడు. పంతొమ్మిదేళ్లలో ఈ కోర్టులో పుట్టిన కాగితాల్లో 'నేను' అంటే నిజంగా తానే అయిన కాగితం ఇదొక్కటే.

సంతకం పెట్టాడు. అక్షరాలు బాగా కుదిరాయి.

బుధవారం పొద్దున్నే డ్లోవాను ఆఫీసులోంచి తీసుకుపోయి, సాయంత్రం జామీను మీద వదిలారు. విచారణ శుక్రవారం.

*

కాలనీలో కుళాయి దగ్గర ఆడవాళ్ల మాటలు నోఖ్వేజీని చూడగానే ఆగిపోయాయి. ఆమె బకెట్ నింపుకుంది. బకెట్ తెచ్చి వంటగదిలో దించి, తడిచేతులు గౌనుకి తుడుచుకుంది.

"జోలా నాన్నా," అంది, ఎప్పట్లా బిడ్డ పేరుతో పిలుస్తూ. "ఆ కాగితం మీద సంతకం పెట్టింది నువ్వేనా?"

సైలస్ బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. "కోర్టు సంగతులు ఇంట్లో ఎందుకు?"

"చెంబు నీ చేత్తో ఇచ్చావని రాశారట."

"ఇవ్వాల్సింది నేనే."

"ఇవ్వాల్సింది ఎవరని కాదు నేనడిగేది. ఆ చెంబు మోసింది నేను. గుడిసెలో ఆయన ఒక్కడే గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చెంబు తీసుకుని, 'దుంజానే తాగాడా?' అని అడిగాడు. తాగాడన్నాకే నోటికి ఆనించుకున్నాడు."

సైలస్ బ్రష్ ఆగింది. మళ్లీ కదిలింది. "రెండు చేతులతో మోశావు. చూశాను."

నోఖ్వేజీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్లమీద కూలబడింది. "ఛీ. ఇదా నీ కడుపులో ఉన్నది? నిండు చెంబు ఎవరైనా ఒంటిచేత్తో మోస్తారా?"

"ఊరు ఊరంతా రాదెబే, రాదెబే. ఇంట్లో కూడా రాదెబేనే. వాడు మాట్లాడితే మీటింగు, నేను మాట్లాడితే పని. వాడు జైలుకు పోతే వీరుడు, రేపు నేను పోతే దొంగ. కొండమీద నా తర్వాత కూర్చున్నవాడు వాడు. కత్తి చూసి వాడి పళ్లు టకటకలాడాయి, తెలుసా?"

"కొండమీది సంగతులు ఆడవాళ్ల ముందు చెప్పకూడదు కదూ," అంది నోఖ్వేజీ మెల్లగా. "దాన్నీ వదలవా?"

ఇరవై ఏడేళ్లలో సైలస్ ఆ గుడిసె మాట బయటపెట్టడం అదే మొదటిసారి. సిగ్గేసింది. సిగ్గుతో పాటు డ్లోవా మీద కోపం ఇంకాస్త పెరిగింది, ఈ సిగ్గు కూడా వాడి మూలంగానే అన్నట్టు.

గురువారం సాయంత్రం నోఖ్వేజీ శాలువా కప్పుకుని ఎటో వెళ్లి, చీకటిపడే వేళకు తిరిగొచ్చింది. కుర్చీలో కూర్చుని, ఏమీ దాచకుండా చెప్పింది.

"డ్లోవా ఆఫీసుకు వెళ్లాను. నేను బోనెక్కి నిజం చెబుతానన్నాను. చెంబు గుడిసెకు మోసింది నేనని."

సైలస్ లేచి నిలబడ్డాడు. "ఏమన్నాడు?"

"వద్దన్నాడు. దొడ్డిలో ఉన్నవాళ్లలో సగంమందికి పాస్‌లు సరిగ్గా లేవు, వాళ్లని బోనెక్కిస్తే గుమ్మం దగ్గరే పట్టుకుంటారు, మిగతావాళ్లు బోనెక్కితే ఉద్యోగాలు పోతాయి. ఇక మిగిలింది నువ్వూ నేనూ. భార్య చేత నలుగురిలో భర్తని అబద్ధాలకోరు అనిపించను అన్నాడు."

"అంటే పోతాడా జైలుకి?"

"పోతాడట. పట్టా కూడా పోతుందట. అవ్వ కేసు కాగితాలు కట్ట కట్టి, సముద్రం ఒడ్డున మన ఈస్ట్ లండన్‌లో ఎవరో వకీలుకి పంపుతున్నాడు. ఆ వకీలు ఇంత దూరం వస్తాడో రాడో." నోఖ్వేజీ శాలువా మడిచింది. "నీ కోటు ఇస్త్రీ చేశాను. రేపు తొడుక్కో."

"వాడి దయ నాకెందుకు?" అన్నాడు సైలస్. "ఎవడడిగాడు వాడి దయ?"

ఆ రాత్రి నోఖ్వేజీ గోడవైపు తిరిగి పడుకుంది.

*

శుక్రవారం సైలస్ చోట్లో కింగ్‌విలియమ్స్‌టౌన్ నుంచి పిలిపించిన దుబాసీ టెంగిలే నిలబడ్డాడు. బట్టతల, బెరుకు మనిషి. సైలస్‌కి రోజూ నిలబడే బోను పక్కన కాకుండా బోనులోనే నిలబడాల్సి వచ్చింది. రెండడుగుల తేడా. అక్కడి నుంచి హాలు వేరేగా కనిపించింది. వెనక బెంచీల మీద నల్లవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. ముందు వరసలో నోలిటా అవ్వ. గోడ పక్కన నోఖ్వేజీ.

సాక్ష్యం ఇంగ్లీషులోనే ఇస్తానన్నాడు. మేజిస్ట్రేటు తల ఊపాడు. ప్రాసిక్యూటరు అడిగాడు, సైలస్ చెప్పాడు. దొడ్డి. ముప్ఫైమంది. మొదటి గుక్క. చెయ్యి. వాక్యం వెంట వాక్యం నున్నగా వచ్చింది. తెల్లవాళ్లు కుర్చీల్లో వెనక్కి వాలి విన్నారు. మేజిస్ట్రేటు ఒకసారి కలం ఆపి, అతని మొహంలోకి చూశాడు కూడా. పంతొమ్మిదేళ్లలో అదే మొదలు.

"ముద్దాయి ప్రశ్నలు వెయ్యవచ్చు."

డ్లోవా తన కేసు తనే వాదించుకుంటున్నాడు. లేచి, కోటు గుండీ పెట్టుకున్నాడు. డ్లోవా ప్రశ్నించడం మొదలుపెడితే ఎంతటి పోలీసు సాక్షి అయినా పావుగంటలో చెమటతో తడిసిపోతాడని అందరికీ తెలుసు. సైలస్ రెండు చేతులతో బోను అంచు పట్టుకున్నాడు.

డ్లోవా ఇంగ్లీషు వదిలేసి ఖోసాలో మొదలుపెట్టాడు.

"దుంజానే. మొదటివాడు, రెండోవాడు అన్న లెక్కలు ఉండకూడదని నేను ఊరూరా చెప్పాను. ఇవాళా అదే చెబుతాను. అయినా కొండమీద నువ్వు కూర్చున్నాకే నేను కూర్చున్నాను. నీ వేలు పట్టుకునే నడిచాను. వెనకున్నవాడు ముందున్నవాణ్ణి నలుగురిలో నిలదియ్యకూడదు. నిన్ను నేను ప్రశ్నలు అడగను."

టెంగిలే తడబడుతూ అదంతా ఇంగ్లీషులో చెప్పాడు. మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీశాడు. "మిస్టర్ డ్లోవా, ప్రశ్నించకపోతే సాక్ష్యం మొత్తం ఒప్పుకున్నట్టే. మీకు నేను చెప్పాలా?"

"తెలుసు," అన్నాడు డ్లోవా ఇంగ్లీషులో. కూర్చున్నాడు.

అయిపోయింది. తెల్లవాళ్ల ముందు, నల్లవాళ్ల ముందు, రికార్డులోకి ఎక్కేలా గిల్బర్ట్ డ్లోవా తన నోటితో అన్నాడు, సైలస్ ముందువాడని. ఏళ్ల తరబడి సైలస్ ఆకలితో ఎదురుచూసిన మాట అది. సైలస్ తల ఎత్తి బెంచీలవైపు చూశాడు. ఒక్కరూ అతనివైపు చూడటం లేదు. అందరి కళ్లూ డ్లోవా మీదే. అవ్వ శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంటోంది. నోఖ్వేజీ కూడా అటే చూస్తోంది. మొదటి స్థానం కూడా వాడు దానం చేస్తే వచ్చింది. దానం చేసినవాడు ఇంకా పెద్దవాడయ్యాడు.

ఈర్ష్య సైలస్ గొంతుదాకా పొంగింది. ఇంత పెద్దవాడివి నువ్వొక్కడివేనా? ఈ హాల్లో వాడు ఇవ్వలేనిది, తన దగ్గర మాత్రమే ఉన్నది ఒకే ఒక్కటి ఉంది. దాని ఖరీదు సైలస్‌కి బాగా తెలుసు. ప్రమాణం చేసి రెండుసార్లు రెండు రకాలుగా చెబితే, ఏది అబద్ధమో తేల్చే పని కూడా లేదు, నేరుగా జైలే. ఎంతమందికి ఆ శిక్ష ఖోసాలోకి మార్చి చెప్పాడో.

"సాక్షి దిగవచ్చు," అన్నాడు మేజిస్ట్రేటు.

సైలస్ దిగలేదు.

"ఇంకా చెప్పాల్సింది ఉంది," అన్నాడు ఖోసాలో.

ఫూరీ గోడ దగ్గర నిటారుగా అయ్యాడు. ప్రాసిక్యూటరు మొహం చిట్లించాడు. "సాక్షికి ఇంగ్లీషు వచ్చు కదా."

"ఇది ఇంగ్లీషులో నాకు రాదు," అన్నాడు సైలస్, మళ్లీ ఖోసాలోనే. టెంగిలే అది కూడా మార్చి చెప్పాడు. మేజిస్ట్రేటు కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

"గిల్బర్ట్ డ్లోవా దొడ్డిలోకి రాలేదు. నేను చెంబు పట్టుకుని కుడివైపు తిరిగితే అక్కడ ఎవరూ లేరు. వాడు గుడిసెలో ఒక్కడే ఉన్నాడు. నా భార్య వాడి వంతు మోసుకుపోయింది. నేను తాగిన మాట నిజం. వాడికి ఇచ్చిన మాట అబద్ధం. వాడి గుమ్మం ముందు వరస చూసి కుళ్లుకున్నాను. సార్జెంటు గారు నవ్వుతారేమోనని అబద్ధం మీద సంతకం పెట్టాను."

టెంగిలే తోటి దుబాసీ మొహం చూశాడు, మేజిస్ట్రేటు మొహం చూశాడు. సన్నటి గొంతుతో ఇంగ్లీషులో మొదలుపెట్టాడు: "సాక్షి ఏమంటున్నాడంటే, అతను..."

"అలా కాదయ్యా," అన్నాడు సైలస్, కొత్తగా పనిలో చేరినవాళ్లకు చెప్పినట్టు ఓపిగ్గా. "'అతను' కాదు. 'నేను' అను. 'నేను అబద్ధం చెప్పాను' అను."

టెంగిలే చెప్పాడు. సైలస్ చేతులు వెనక్కి కట్టుకుని, మాట పొల్లుపోకుండా వస్తోందో లేదోనని ఆఖరిదాకా విన్నాడు.

*

డ్లోవా మీద కేసు కొట్టేశారు. బయట జనం పాట ఎత్తుకున్నారు. గుంపులోకి పోతే మళ్లీ నేరమే కాబట్టి డ్లోవా వెనక తలుపులోంచి వెళ్లాలి. ఆ వెనక తలుపు పక్కనే పోలీసుల లాకప్పు. అందులో సైలస్ సిమెంటు దిమ్మ మీద కూర్చుని పాట వింటున్నాడు. పాటలో రాదెబే పేరు ఉంది. దుంజానే పేరు లేదు. అంత జరిగాక కూడా అది చెవిలో ముల్లులా గుచ్చుకుంది. తన బుద్ధి మీద తనకే నవ్వొచ్చింది.

తాళం తిరిగింది. డ్లోవా మూత పెట్టిన రేకు చెంబు పట్టుకుని లోపలికి వచ్చాడు. కానిస్టేబులు గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"ఒక్కడే కదా, నాకు పరవాలేదు," అన్నాడు డ్లోవా. "నోఖ్వేజీ ఇచ్చింది. మొక్కజొన్న గంజి. బాగా పులిసిందట."

"తను రాలేదా?"

"బయటే ఉంది. నా తర్వాత వస్తుంది. ముందు వకీలు వెళ్లాలంది." డ్లోవా దిమ్మ చివర కూర్చున్నాడు. "నీకు వకీలు ఉన్నాడా?"

"నిన్ను పెట్టుకుంటే ఊళ్లో ఏమంటారు?"

"వేరేవాణ్ణి పెట్టుకుంటే ఏమంటారో అదే అంటారు. ఏ వకీలొచ్చినా మూడు నెలలు తప్పవు. ఉద్యోగం ఎలాగూ పోయింది. అయినా సార్జెంటు ఆ కాగితం ఎలా రాయించాడో అడగాలి. నాకు అడగాలని ఉంది."

సైలస్ గోడవైపు చూస్తూ అన్నాడు, "ఇందాక బోను ముందు అన్న మాటలు. వకీలు ఎత్తా, నిజమా?"

డ్లోవా బూటు కొసతో సిమెంటు మీద గీత గీశాడు. "నువ్వు ఓర్వలేవని తెలుసు. కొండమీది గుడిసెలో ఉన్నప్పటి నుంచీ తెలుసు. నేను పెద్దమనిషినైతే నువ్వు చూస్తూ ఊరుకోవనుకున్నాను."

"అయితే ఎత్తే."

"ఊరుకుంటే నాకు మూడేళ్లు. అంత ఖరీదైన ఎత్తు ఎవడూ వెయ్యడు దుంజానే. నిజం కూడా ఉంది. ఎంతుందో నన్నడక్కు."

సైలస్‌కి ఒళ్లు మండింది. చూడు, ఇక్కడ కూడా వీడిదే పైచేయి. తను ఏం చేస్తాడో వీడికి ముందే తెలుసు. కానీ ఆ మంటలో ఇదివరకటి వేడి లేదు. ఇంత కాలం తనను ఇంత దగ్గరగా చూస్తూ ఉన్నవాడు ఈ ఊళ్లో ఇంకెవరున్నారు?

"కత్తి చూసి నీ పళ్లు టకటకలాడాయి," అన్నాడు.

"నీ మోకాళ్లు కూడా. ఎవరికీ చెప్పలేదు."

డ్లోవా చెంబు మూత తీసి, రెండు చేతులా పట్టుకుని అతని ముందుకు చాపాడు. తను తాగలేదు. పొద్దుటినుంచి ఏమీ తాగలేదని పొడిబారిన పెదాలే చెబుతున్నాయి. చెంబు అలాగే పట్టుకుని ఎదురుచూశాడు.

సైలస్ అందుకుని ఒక గుక్క తాగాడు. గంజి చల్లగా, పుల్లగా ఉంది. మూతి తుడుచుకుని కుడివైపు తిరిగాడు. అక్కడ గిల్బర్ట్ ఉన్నాడు. చెంబు తన చేత్తో అందించాడు.